సూరిబాబు అడగని ప్రశ్న

కడియంలో సూరిబాబు అనే నర్సరీ రైతు ఉండేవాడు. మొక్క గురించి వంద ప్రశ్నలు అడిగే ఆ మనిషికి, తన కోసం ఒక్క మాట అడగాలంటే మాత్రం చచ్చేంత మొహమాటం.

మామిడి అంటు కట్టడంలో ఎవరైనా అతని తర్వాతే. కొనడానికి వచ్చినవాళ్లు పూత చూసి మురిసిపోతుంటే, "చూడాల్సింది పూత కాదండీ. ఏ తల్లిచెట్టు కొమ్మ, అంటు ఎవరు కట్టారు, ముందు అది అడగండి" అని మందలించేవాడు. కొత్తగా పనిలో చేరినవాళ్లను రెండేళ్లపాటు తల్లిచెట్ల దరిదాపులకు కూడా రానిచ్చేవాడు కాదు. ఎవరైనా ఒక కొమ్మ ఎక్కువ కోస్తే, "దాన్ని బోడి చేసేస్తే రేపు దేంతో కడతాంరా?" అని కేకలేసేవాడు.

అలాంటివాడికి ముప్పై రెండేళ్లకే నుదురు నడినెత్తి దాకా పాకింది. ఎండున్నా లేకున్నా తలకు తువ్వాలు చుట్టుకునే తిరిగేవాడు. అసలే గోదావరి జిల్లా, అందులోనూ అత్తారిల్లు, బావమరుదులు ఊరుకుంటారా? "బావగారూ, కాస్త తల వంచండి, అద్దం కనపడక గడ్డం గీసుకోవడం ఆగిపోయింది" అనేవారు. పైకి నవ్వేసేవాడు గానీ లోపల కుమిలిపోయేవాడు. చిన్న బావమరిదికి మూడు నెలల్లో పెళ్లి కుదిరింది. ఈసారి జుట్టు నాటించుకుని, తువ్వాలు లేకుండా పందిట్లో నిలబడి తీరాలని సూరిబాబు పంతం పట్టాడు.

భార్య మంగతాయారు అతన్ని రాజమండ్రిలో చర్మవ్యాధులు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ భూతద్దం పెట్టి తల వెనక భాగం చాలాసేపు చూసింది.

"మీకు జుట్టు ఇంకా రాలుతూనే ఉంది. ముందు అది తగ్గాలి. ఒక ఏడాది మందులు వాడండి, ఆ తర్వాత చూద్దాం. ముందువైపు నాటేది తల వెనక నుంచి తీసిన జుట్టే కదా. తీసినచోట మళ్లీ మొలవదు. తొందరపడి పాడు చేసుకోకండి" అంది.

"పెళ్లి మూడు నెలల్లో ఉందండీ."

"ఇవాళే నాటినా మూడు నెలల్లో రాదు బాబూ. నాటిన వెంట్రుకలు ముందు రాలిపోతాయి. మళ్లీ మొలిచి నిండుగా కనపడాలంటే ఏడాది పడుతుంది."

బయటికి రాగానే, "ఈవిడకి చేతకాక చెబుతోంది" అని సూరిబాబు విసుక్కున్నాడు. మరుసటి వారమే భార్యను వెంటబెట్టుకుని విశాఖపట్నంలో జుట్టు నాటే ఒక పెద్ద సెంటరుకు వెళ్లాడు. అక్కడ గోడ నిండా ఫొటోలే. ఎడమపక్క బట్టతల, కుడిపక్క ఒత్తైన జుట్టు. కౌంటరు దగ్గర మనిషి పెళ్లి సంగతి విని, "పెళ్లికి మంచి దువ్వెన కొనుక్కోండి సార్" అన్నాడు. ఆ ఒక్క మాటకి సూరిబాబు పడిపోయాడు.

మంగతాయారు మోచేత్తో పొడిచింది. "ఎవరు చేస్తారో అడగండి. వెనక ఎంత తీస్తారో కూడా అడగండి."

"ఊరుకోవే, బాగోదు. ఇంత పెద్ద సెంటరువాళ్లకి తెలీదా?" అన్నాడు సూరిబాబు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడటమంటే ఇదే మరి!

పెద్ద డాక్టరు వచ్చి నుదుటి మీద పెన్నుతో గీత గీసి వెళ్లిపోయాడు. మళ్లీ కనపడలేదు. ఇద్దరు కుర్రాళ్లు పని మొదలుపెట్టారు. సూరిబాబు బోర్లా పడుకుని ఉన్నాడు. మత్తు సూదితో తల మొద్దుబారింది గానీ చెవులు శుభ్రంగా వినపడుతున్నాయి.

"నాకిది రెండో తలరా" అన్నాడు ఒకడు.

"ఏం పర్లేదు, తియ్యి. వెనక ఇంకా బోలెడుంది" అన్నాడు రెండోవాడు.

సూరిబాబు తల ఎత్తబోయాడు. రెండేళ్లు నిండనివాణ్ణి తన చెట్టు ముట్టనివ్వని మనిషి! "ఆపండి, డాక్టరుగారిని పిలవండి" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పటికి వాళ్లు తీసినవి పట్టుమని పది వెంట్రుకలు కూడా లేవు. అయినా, అడిగితే ఏమనుకుంటారోనని ఆ మాట మింగేసి కళ్లు మూసుకున్నాడు.

పెళ్లినాటికి నాటినదంతా రాలిపోయింది. పందిట్లో తువ్వాలుతోనే నిలబడ్డాడు. ఇంకో తొమ్మిది నెలలు ఓపిక పట్టాడు. ముందువైపు వచ్చిన నాలుగు వెంట్రుకలూ వరసలు వరసలుగా, చీపురుపుల్లల్లా నిటారుగా మొలిచాయి. వెనకవైపు మేక మేసిన నారుమడిలా అక్కడక్కడా ఖాళీలు. నడినెత్తి ఇంకా పలచబడింది.

సిగ్గు చంపుకుని, మంగతాయారుతో కలిసి మళ్లీ రాజమండ్రి డాక్టరమ్మ దగ్గరికే వెళ్లాడు. "ఇంకోసారి నాటలేరా అమ్మా?" అని అడిగాడు.

"నాటడానికి వెనక మిగల్లేదు బాబూ" అందావిడ.

సూరిబాబు అక్కడే ఏడ్చేశాడు. "నా తల్లిచెట్టుని నేనే బోడి చేయించుకున్నాను తాయారూ" అన్నాడు. మంగతాయారు ఒక్క మాట కూడా దెప్పలేదు. తువ్వాలు తీసి చేతికిచ్చింది.

కొన్నాళ్లకు టోపీ పెట్టుకున్న ఒక యువకుడు మామిడి అంట్లు కొనడానికి నర్సరీకి వచ్చాడు. ఏ చెట్టు కొమ్మ, కట్టింది ఎవరు అని గుచ్చి గుచ్చి అడిగాడు. సూరిబాబుకి ముచ్చటేసింది.

"ఆదివారంలోగా పంపించెయ్యండి. సోమవారం తలకి జుట్టు నాటించుకుంటున్నాను" అన్నాడు యువకుడు, టోపీ సర్దుకుంటూ.

"ఎవరు నాటుతారండీ?"

"పెద్ద సెంటరేనండి."

"సెంటరు నాటదు కదా! చెయ్యి ఎవరిది? వెనక నుంచి ఎంత తీస్తారు? రాలడం తగ్గిందో లేదో చూశారా?"

యువకుడు తడబడ్డాడు. "అవన్నీ అడిగితే బాగోదేమోనని..."

సూరిబాబు తువ్వాలు విప్పాడు. వైద్యానికి తప్ప బయటివాళ్ల ముందు విప్పడం అతనికి అదే మొదటిసారి. ముందువైపు చూపించాడు, తర్వాత వెనక్కి తిరిగి వెనకవైపు కూడా చూపించాడు.

"నేనూ బాగోదనే అడగలేదండీ" అన్నాడు.

యువకుడు తన తల వెనక భాగాన్ని చేత్తో తడుముకున్నాడు. తర్వాత ఫోను తీసి, "సోమవారం నేను రావడం లేదండి. ముందు నేను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి" అని సెంటరువాళ్లతో చెప్పాడు. సూరిబాబు తువ్వాలు భుజాన వేసుకుని అంట్లు ఎంచడానికి వెళ్లాడు.

నీతి: అడిగితే పోయేది కాసేపు మొహమాటమే, అడగక పోగొట్టుకున్నది మళ్లీ మొలవదు. అందుకే ఒంటి మీద కత్తి పెట్టనిచ్చే ముందు ఆ చెయ్యి ఎవరిదో అడిగి తెలుసుకోవాలి.