ఏనుగును కదిలించిన కుంటి దుప్పి

అనగనగా వానాకాలంలో వాగు పొంగి పొర్లినా, వేసవి వస్తే గుక్కెడు నీళ్లు దొరకని ఒక అడవి. ఆ అడవిలో ఉన్నది ఒకే ఒక్క ఏనుగు. దాని పేరు కొండమ్మ.

ఏనుగులు గుంపుగా తిరుగుతాయి కదా, ఇదొక్కతే ఎందుకుంది అని మీరు అడుగుతారు. కొండమ్మ నిండు కడుపుతో ఉన్నప్పుడు దాని గుంపు మేత వెతుక్కుంటూ కొండలు దాటి పోయింది. అంత దూరం నడవలేక కొండమ్మ ఇక్కడే ఆగిపోయింది. ఇక్కడే దానికి గున్న పుట్టాడు. గున్న అంటే ఏనుగు పిల్ల. వాడు తల్లి తోక పట్టుకుని అడవంతా తిరిగేవాడు.

వేసవిలో ఆ అడవిలోని జంతువులకు నీళ్లు ఇచ్చేది కొండమ్మే. వాగు ఎండిపోయాక ఇసుక కింద నీళ్లు ఎక్కడున్నాయో దానికే తెలుసు. తొండంతో వాసన చూసేది. కాలితో ఇసుక తోడేది. కాసేపటికి గుంటలో నీళ్లు ఊరేవి. అలా ఇసుకలో తవ్విన గుంటను చెలమ అంటారు. ముందు గున్న తాగేవాడు. తర్వాత కొండమ్మ తాగేది. ఆ తర్వాత దుప్పులు, పందులు, కుందేళ్లు, నెమళ్లు, అన్నీ వచ్చి తాగేవి. మర్నాటికి ఇసుక జారి చెలమ పూడిపోయేది. కొండమ్మ మళ్లీ తవ్వేది.

ఒక వేసవిలో గున్నకు జబ్బు చేసింది. ఒళ్లు నిప్పులా కాలింది. కొండమ్మ వాడి మీద నీళ్లు చల్లింది, పచ్చి ఆకులు తెచ్చి నోటికి అందించింది. వాడు తినలేదు. ఒక పొద్దున వాగు పక్కనున్న దిబ్బ మీద, మద్దిచెట్టు కింద పడుకుని, మళ్లీ లేవలేదు.

కొండమ్మ కొమ్మలు విరిచి వాడిని కప్పింది. తర్వాత ఆ చెట్టు కిందే నిలబడిపోయింది. తినలేదు. తాగలేదు. ఎవరు పిలిచినా పలకలేదు.

చెలమ పూడిపోయింది.

మొదట ఎలుగుబంటి పుట్టయ్య వచ్చాడు. చెట్టెక్కి, తేనెటీగలతో కుట్టించుకుని, పెద్ద తేనెపట్టు పట్టుకొచ్చాడు. మూతి వాచిపోయి ఉంది పాపం.

"కొండమ్మక్కా, ఇది నీకోసమే తెచ్చా. ఒక్క ముక్క నోట్లో వేసుకో" అన్నాడు.

కొండమ్మ తేనెపట్టు వైపు చూడను కూడా లేదు. పుట్టయ్య దాన్ని కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రానికి దానికి చీమలు పట్టాయి.

తర్వాత కొండముచ్చు లింగన్న వచ్చాడు. అతనికి మాటలెక్కువ. ఎదురుగా కొమ్మ మీద కూర్చుని మొదలుపెట్టాడు.

"వదినా, పోయినవాడు పోయాడు. నువ్విలా నిలబడితే తిరిగొస్తాడా? ఈ అడవిలో పిల్లలు పోనిది ఎవరికి? మా తమ్ముడి పిల్లను గద్ద తన్నుకుపోలేదా? మర్చిపోవాలి మరి! లే, తిను!"

కొండమ్మ మెల్లగా అటు తిరిగి అతనికి వీపు పెట్టింది. లింగన్న ఇంకాసేపు మాట్లాడాడు. వీపుతో ఎంతసేపని మాట్లాడతాడు? నోరు నొప్పి పుట్టి ఆపేశాడు.

చివరికి జంతువులన్నీ కలిసి వచ్చాయి. నాలుకలు ఎండిపోయి ఉన్నాయి. కుందేళ్లు ఏడుస్తున్నాయి.

"మా కోసమైనా కదులమ్మా. నువ్వు తవ్వకపోతే మేమంతా చచ్చిపోతాం" అని వేడుకున్నాయి.

అప్పుడు కొండమ్మ మొదటిసారి నోరు విప్పింది.

"నా బిడ్డకే నేను ఏమీ చేయలేకపోయాను. మీకేం చేస్తాను? నన్ను వదిలేయండి" అంది. కళ్లు మూసుకుని, చెవులు రెండూ దించుకుంది.

ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. అడవి పందులు తామే వాగులోకి దిగి ముట్టెలతో తవ్వి చూశాయి. ఎక్కడ తవ్వినా పొడి ఇసుకే.

దిబ్బ మీంచి అందరికన్నా ఆఖర్న దిగుతున్నది చుక్కమ్మ అనే ముసలి దుప్పి. దానికి ముందు కాలు కుంటి. కొండమ్మ పక్కనుంచి పోతూ ఒక రాయి తగిలి తూలింది. పడిపోబోయింది. అంతలో ఏదో మెత్తగా వచ్చి దాని పక్కటెముకలకు ఆనింది, నిలబెట్టింది.

అది కొండమ్మ తొండం.

చుక్కమ్మ తల తిప్పి చూసింది. కొండమ్మ కళ్లు ఇంకా మూసే ఉన్నాయి. తొండం మాత్రం తనంతట తానే వచ్చి పట్టుకుంది, మళ్లీ వెనక్కి పోయింది.

చుక్కమ్మ కుంటుకుంటూ వెళ్లి పొద దగ్గర పడుకుంది. చాలాసేపు ఆలోచించింది. 'మనం అందరం దానికి ఏదో ఒకటి ఇవ్వాలని చూశాం. అది తీసుకోలేకపోతోంది. కానీ ఇవ్వడం మాత్రం ఇంకా మానలేదు' అనుకుంది.

మర్నాడు పొద్దున్నే చుక్కమ్మ మద్దిచెట్టు కిందికి వెళ్లింది. గున్న మాట ఎత్తలేదు. తిండి మాట ఎత్తలేదు. నీళ్ల మాట ఎత్తలేదు.

"కొండమ్మా, కింద గడ్డి అంతా ఎండిపోయింది. పై ఆకులు నాకు అందవు. ఆకలేస్తోంది. ఆ కొమ్మ కాస్త వంచి పెడతావా?" అంది.

కొండమ్మ కళ్లు తెరిచింది. చుక్కమ్మ పొట్ట వీపుకి అతుక్కుపోయి ఉంది. కొండమ్మ తొండం ఎత్తి కొమ్మ వంచింది. చుక్కమ్మ నిదానంగా తింది. కొమ్మ వదిలేస్తే పైకి పోతుంది కాబట్టి, అది తిన్నంతసేపూ కొండమ్మ పట్టుకునే ఉంది.

"నా తల్లే! కడుపు నిండింది" అని చుక్కమ్మ వెళ్లిపోయింది. అంతే.

తర్వాత రోజు మళ్లీ వచ్చింది.

"మద్ది ఆకు ముదిరిపోయింది కొండమ్మా, నా పళ్లకు నలగడం లేదు. అదిగో, ఆ పల్లంలో వెలగచెట్టు లేత చిగురు వేసింది. అక్కడిదాకా వస్తావా? దోవలో రాళ్లున్నాయి. నీ పక్కన నడిస్తే నాకు ధైర్యం."

కొండమ్మ కొమ్మలు కప్పిన చోటు వైపు చూసింది. చాలాసేపు చూసింది. చుక్కమ్మ తొందరపెట్టలేదు. ఈగలు తోలుకుంటూ నిలబడింది.

అప్పుడు కొండమ్మ కాలు కదిలింది. ఇద్దరూ నెమ్మదిగా దిబ్బ దిగారు. కుంటి దుప్పి ఎలా నడుస్తుందో ఏనుగూ అలాగే నడిచింది. వెలగకొమ్మ విరిచి ఇచ్చింది. పని అయిపోగానే తిరిగి మద్దిచెట్టు కిందికి వెళ్లి నిలబడింది. ఆ రోజూ తినలేదు.

"ఏం లాభం?" అన్నాడు లింగన్న.

"నడిచింది కదా" అంది చుక్కమ్మ.

ఆ మర్నాటికి ఎండ మరీ ముదిరింది. చుక్కమ్మ నాలుక తడారిపోయి మాట సరిగా రావడం లేదు. అయినా దిబ్బ ఎక్కింది.

"వాగు ఒడ్డున వెదురు ఉంది చూడు, దాని లేత కొసలైతే నమలగలను. రా కొండమ్మా."

ఈసారి కొండమ్మ అంత ఆలోచించలేదు. వెదురు పొద దగ్గరికి వెళ్లి ఒక గెడను ఫెళ్లున విరిచింది. లేత కొసను చుక్కమ్మకు ఇచ్చింది. మిగిలిన ముక్క తొండంలోనే ఉంది. పచ్చి వెదురు వాసన. తొండం అలవాటు కొద్దీ వంగింది. ముక్క నోట్లోకి పోయింది. కొండమ్మ నమలసాగింది.

పొద వెనక దాక్కున్న పుట్టయ్య సంతోషం పట్టలేక అరవబోయాడు. చుక్కమ్మ ఒక్క చూపు చూసింది. పుట్టయ్య రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. చుక్కమ్మ కూడా ఏమీ చూడనట్టు తన మేత తాను మేసింది.

కానీ పైన చెట్టు మీద లింగన్న ఉన్నాడు. అతని నోరు ఎవరు మూస్తారు?

"తిన్నది! తిన్నది! మన చుక్కమ్మ ఎత్తు పారింది!" అని గంతులేశాడు.

కొండమ్మ నమలడం ఆపింది. పుట్టయ్య పొదలోంచి తొంగి చూశాడు. కొండమ్మ తిరిగి దిబ్బ ఎక్కేస్తే? మళ్లీ చెవులు దించుకుంటే?

కొండమ్మ చుక్కమ్మ వైపు తిరిగింది.

"అత్తా, నీ కాలి కుంటితనం నిజమేనా?"

"పుట్టినప్పటి నుంచీ ఉంది."

"ఆకలి?"

"నా డొక్కలు చూడు."

"ఇప్పుడు దాహం వేస్తోందా?"

చుక్కమ్మ తల దించుకుంది. "వేస్తోంది. నిన్ను అడగకూడదనుకున్నాను."

కొండమ్మ లింగన్న కేసి చూసి, "ఇందులో ఎత్తు ఏముంది?" అంది.

తర్వాత ఒడ్డు దిగి వాగు ఇసుకలోకి నడిచింది. తొండం ఇసుకకు ఆనించి వాసన చూసింది. నాలుగడుగులు వేసి మళ్లీ చూసింది. ఒకచోట ఆగి కాలితో తవ్వడం మొదలుపెట్టింది. ఎన్నాళ్లో తినని ఒళ్లు. కాళ్లు వణికాయి. పుట్టయ్య పరుగెత్తుకెళ్లి గోళ్లతో ఇసుక పక్కకు లాగాడు. పందులు వచ్చి చేరాయి. లింగన్న కూడా దిగొచ్చి దోసిళ్లతో తోడాడు, మాట్లాడకుండా.

పొడి ఇసుక పోయి తడి ఇసుక వచ్చింది. తడి ఇసుకలోంచి నీళ్లు ఊరాయి.

ఎవరూ ముందుకు రాలేదు. మొదట తాగేది ఎవరో అందరికీ తెలుసు. వాడు ఇప్పుడు లేడు.

కొండమ్మ కాసేపు ఆ నీళ్లను చూస్తూ నిలబడింది. తర్వాత చుక్కమ్మ వీపు మీద తొండం వేసి మెల్లగా ముందుకు తోసింది. చుక్కమ్మ తాగింది. తర్వాత కొండమ్మ తాగింది. ఆపైన కుందేళ్లు, పందులు, నెమళ్లు, అన్నీ తాగాయి.

ఎండ చల్లబడింది. అందరూ వెళ్లిపోయారు. చుక్కమ్మ మాత్రం కొండమ్మ పక్కన ఇసుకలో కూర్చుంది. ఏమీ అడగలేదు.

చాలాసేపటికి కొండమ్మే మొదలుపెట్టింది.

"అత్తా, మా గున్నకు కప్పలంటే ఎంత భయమో నీకు తెలుసా? ఇంత చిన్న కప్ప గెంతితే చాలు, వచ్చి నా కాళ్ల మధ్య దూరేవాడు."

"అవునా?" అంది చుక్కమ్మ. "ఇంకా చెప్పు."

కొండమ్మ చెబుతూ ఉంది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఒకసారి నవ్వింది కూడా. పొద్దు వాలేదాకా చుక్కమ్మ వింటూనే ఉంది.

నీతి: ఎదురుగా నిలబడి తోస్తే కదలని మనసు, పక్కన నడిచి చిన్న సాయం అడిగితే కదులుతుంది.