రాజుగారు ముట్టుకున్న గ్యాస్కెట్

అనగనగా అనగానే ఏనుగులూ గుర్రాలూ వస్తాయని కూర్చున్నారేమో, ఈ అనగనగాలో ఒక కారుంది. కొండమెట్ట రాజ్యాన్ని ఏలే విరూపాక్ష భూపతిది ఆ కారు. రాజ్యం మొత్తానికి అదొక్కటే. దాన్ని నడిపేవాడు గౌరునాయుడు. నిజాయితీపరుడే, కానీ రాజుగారి పేరు చెబితే చాలు, గజగజ వణికే మనిషి.

రాజుగారికి ఒక్కగానొక్క కూతురు మందారిక. ఏడేళ్ళ పిల్ల. పుట్టినప్పటి నుంచీ ఆయాసం. కొండకు అవతల ఉండే వైద్యుడు ప్రతి పౌర్ణమి నాడు పచ్చి వేరు దంచి, ఆ రసం అక్కడికక్కడే తాగించేవాడు. తాగిన నెల పిల్ల తోటంతా పరుగులు పెట్టేది. తాగని నెల మంచం దిగేది కాదు. పల్లకీలో వెళితే నాలుగు రోజుల దారి, ఆ కుదుపులకు పిల్ల తట్టుకోలేదు. కారులో అయితే ఒక్క పూట. అందుకే రాజుగారి పంచప్రాణాలూ ఆ కారు మీదే ఉండేవి.

ఆ కోటలో ఒక వింత ఆచారం ఉండేది. రాజుగారి కోసం ఏ వస్తువు వచ్చినా వెండి పళ్ళెంలో పెట్టి సభకు తేవాలి. రాజుగారు కంటితో చూసి, నచ్చితే కుడిచేత్తో ముట్టుకుంటారు. ముట్టుకున్నారా, అది ఎంపికైనట్టే. ఇక దాన్ని ఎప్పటికీ పారెయ్యకూడదు. పారేసినవాడికి దేశబహిష్కారం. కోట అటకల మీద తెగిన చెప్పులూ, చిరిగిన గొడుగులూ, చివరికి ఎండబెట్టిన పుచ్చకాయ తొక్కలూ గుట్టలుగా పడి ఉండేవంటే మీరు నమ్మరు. నేనూ మొదట నమ్మలేదు.

ఒకనాడు కారు ఇంజను బుస్సుమని చప్పుడు చేయసాగింది. ఇంజనుకీ, పొగ బయటికి పోయే గొట్టానికీ మధ్య ఒక పలచని పలక ఉంటుంది. దాన్ని గ్యాస్కెట్ అంటారు. నిప్పులు చెరిగే పొగ సందుల్లోంచి తప్పించుకోకుండా ఆపేది అదే. రాజుగారి కారుకు ఉన్నది అరిగిపోయింది. కొత్తది కావాలని చాటింపు వేయించారు.

మొదట రత్నగుప్తుడనే వర్తకుడు వచ్చాడు. వెండి పళ్ళెంలో అట్టతో చేసిన గ్యాస్కెట్ పెట్టాడు. దానికి లక్క పూత, ఆ పూత మీద నెమలికంఠం రంగు. సభంతా భేష్ అంది. రాజుగారు ముచ్చటపడి ముట్టుకున్నారు. పౌర్ణమి నాడు మందారికను ఎక్కించుకుని కారు బయలుదేరింది. కొండ మీద మూడో మలుపు తిరిగిందో లేదో, కమురు కంపు. కారు లోపలంతా పొగ. పిల్ల దగ్గి దగ్గి నీలంగా మారిపోయింది. గౌరునాయుడు కారు వెనక్కి తిప్పేశాడు. ఆ నెల మందు లేదు.

రెండోసారి సోమశెట్టి వచ్చాడు. వేలెడు మందాన రబ్బరు గ్యాస్కెట్ తెచ్చాడు. మెత్తగా పరుపులా ఉంది, ఇందులోంచి చీమ కూడా దూరదు ప్రభూ అన్నాడు. రాజుగారు నొక్కి చూశారు, చెయ్యి హాయిగా దిగింది. ఇంకేం, ముట్టుకున్నారు కదా, ఎంపికైపోయింది. తరవాతి పౌర్ణమి నాడు కారు రెండో మలుపు కూడా దాటలేదు. రబ్బరు కరిగి కారిపోయింది, నల్లటి పొగ కమ్ముకుంది. తలుపు తీసేసరికి మందారిక స్పృహ తప్పి ఉంది. ఆ మాట విన్న మహారాణి పైగది నుంచి పరుగెత్తుకొచ్చింది.

వైద్యుడి దగ్గర నుంచి కబురొచ్చింది. వరసగా మూడో పౌర్ణమి కూడా తప్పితే ఇక తన చేతిలో ఏమీ ఉండదని.

అప్పుడు సంతలో ధాన్యం మిల్లు ఇంజన్లు బాగుచేసే పైడమ్మను పిలిపించారు. ఆమె వచ్చింది. వెండి పళ్ళెం అందిస్తే తీసుకోలేదు. ఒట్టి చేతులతో సభ మధ్యన నిలబడింది.

ఏదీ నువ్వు తెచ్చిన వస్తువు అని మంత్రి గద్దించాడు.

"ఇంజను మూతి చూడకుండా ఏం తెమ్మంటారు బాబూ?" అంది పైడమ్మ. "పళ్ళెంలో అన్నీ బాగానే ఉంటాయి. అక్కడ చల్లగా ఉంటది కదా."

పళ్ళేన్నే తప్పుపట్టిన మనిషిని ఆ కోట అంతవరకూ చూడలేదు. కానీ పైగది కిటికీలోంచి మందారిక ఆయాసం వినిపిస్తోంది. రాజుగారు సింహాసనం దిగి, కారు షెడ్డు వైపు నడిచారు.

గౌరునాయుడు నట్లు విప్పి గొట్టం పక్కకు లాగాడు. పైడమ్మ వంగి చూసింది. చూసి, రెండడుగులు వెనక్కి వేసింది. గ్యాస్కెట్ ఉండాల్సిన చోట నల్లటి ముద్ద ఉంది. అడుగున కారుతోపాటు వచ్చిన గ్యాస్కెట్ ముక్కలు, వాటి మీద మాడిన అట్ట, దాని మీద కరిగి గడ్డకట్టిన రబ్బరు.

ఇదేమిటయ్యా, పాతవి తియ్యకుండానే కొత్తవి బిగించావా అని ఆమె డ్రైవరును నిలదీసింది.

గౌరునాయుడు వణికిపోతూ చేతులు జోడించాడు. "రాజుగారి చెయ్యి తగిలినవమ్మా. గీకి పారేస్తే నన్ను దేశం నుంచి వెళ్ళగొడతారు. నా పిల్లలేమైపోవాలి?"

పిల్లలూ, మీరే చెప్పండి. ఆ మనిషికి పిల్లలున్నారు, ఆ రాజుకూ పిల్ల ఉంది. ఒక ఆచారం వాళ్ళిద్దరి గొంతు మీదా కత్తి పెట్టి కూర్చుంది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈ ముద్ద మీద దేవలోకం నుంచి గ్యాస్కెట్ తెచ్చి పెట్టినా పొగ ఆగదని పైడమ్మ తేల్చి చెప్పింది. సంచిలోంచి గీకుడు చాకు తీసింది. మంత్రి అడ్డుపడ్డాడు. అది ప్రభువులు ముట్టుకున్న పదార్థం, చాకు ఆనిందంటే సాయంత్రానికి నువ్వు పొలిమేర దాటాలి అన్నాడు. పైడమ్మ ముద్దను వేలితో తట్టి, మసి రాలిన అరచేతిని రాజుగారి ముందు చాచింది.

"వాసన చూడండి మారాజా. పాప పీల్చింది దీన్నే."

రాజుగారు వంగి వాసన చూశారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది ఘాటుకు వచ్చిన నీరు కాదని అక్కడున్న అందరికీ తెలుసు. ఆయన పైడమ్మ చేతిలోని చాకు అందుకున్నారు.

"పారేసినవాడికి బహిష్కారమైతే, మంత్రీ, ముందు నన్ను పంపించు" అని, తానే గీకడం మొదలుపెట్టారు.

రాజుగారి పట్టు ఉత్తరీయం మసిబారింది, వేళ్ళు గీరుకుపోయాయి. ముద్దంతా ఊడి, లోపలి ఇనుము తళతళమని బయటపడింది. పైడమ్మ దానికొక ఉక్కు బద్ద ఆనించి, ఎక్కడైనా వంకర ఉందేమో చూసింది. ఒక మూల కాస్త ఎత్తుగా ఉంటే ఆకురాయితో రుద్ది సరిచేసింది. తరవాత ఆ మూతికి కాస్త మసి పులిమి కాగితం అద్దింది. కాగితం మీద నాలుగు కన్నాల అచ్చు పడింది.

అప్పుడు సంచిలోంచి మూడు గ్యాస్కెట్లు తీసింది. ఒకదాని కన్నాలు అచ్చు కంటే చిన్నవి. పొగకు అడ్డొచ్చి అంచులు మాడిపోతాయని పక్కన పెట్టింది. రెండోది అచ్చుకు సరిపోయింది కానీ, నిప్పుల కుంపట్లో వేస్తే పొట్టు రేగింది. మూడోదీ అచ్చుకు సరిపోయింది, అది ఉక్కు రేకుల మధ్య ఏదో బూడిదరంగు పొర పెట్టి నొక్కినది. చూడబోతే పాత డబ్బా మూతలా ఉంది. కుంపట్లో ఎర్రగా కాలింది, బయటికి తీసి చల్లారబెడితే ఎప్పటిలాగే ఉంది.

రాజుగారి ముఖం వెలిగిపోయింది. ఇదే, ఇదే అంటూ అలవాటు కొద్దీ కుడిచెయ్యి చాచారు. పైడమ్మ గ్యాస్కెట్‌ను చటుక్కున వెనక్కి లాక్కుంది.

భటులు కత్తుల మీద చేతులు వేశారు. రాజుగారి చేతికి అందకుండా ఒక వస్తువును లాక్కోవడమా!

"దీన్ని తమరు ముట్టుకోవద్దు మారాజా" అంది పైడమ్మ, గొంతు తగ్గించి. "ఇదీ ఒక రోజు అరిగిపోద్ది. తమరి చెయ్యి తగిలిందంటే, ఆ రోజు దీన్ని తియ్యడానికి ఎవరికీ ధైర్యం ఉండదు."

రాజుగారు చాచిన చేతిని చూసుకున్నారు. ఇన్నాళ్ళూ తన ముద్దుల కూతురి గొంతు నొక్కింది ఆ చెయ్యేనని అప్పటికి అర్థమైంది. ఆ చేతిని వెనక్కి తీసుకుని, వీపు వెనక కట్టుకున్నారు. గౌరునాయుడికి సైగ చేశారు. మొట్టమొదటిసారి వణక్కుండా, గౌరునాయుడు గ్యాస్కెట్ పెట్టి, నట్లు మధ్య నుంచి చివరలకు ఒక్కొక్కటే సమంగా బిగించాడు.

మూడో పౌర్ణమి నాడు కారు బయలుదేరింది. రెండో మలుపు దాటింది. మూడో మలుపూ దాటింది. పొగ లేదు, బుస లేదు. కొండ అవతల వైద్యుడు కారు తలుపు తీసేసరికి మందారిక గౌరునాయుడి చెయ్యి పట్టుకుని మెల్లగా దిగి, మందు గిన్నె కోసం రెండు చేతులూ చాచింది.

కాబట్టి పిల్లలూ, ఏ వస్తువునైనా అది పనిచేసే చోట నిలిపి చూసి ఎంచుకోవాలి. పాడైపోయాక, ఎంత గొప్పవాళ్ళు ఎంచినదైనా సరే, తీసి పారేయడానికి వెనకాడకూడదు.