కూడితే కనబడనిది

సోమసుందరం మాస్టారిని ప్రశ్న అడగడం తేలికే, జవాబు రాబట్టుకోవడమే కష్టం. అడిగిన చోట, అడిగిన పూట ఆయన ఎన్నడూ జవాబు చెప్పిన పాపాన పోలేదు. "చూద్దాం" అంటారు. ఆ తరవాత ఎప్పుడో వెంటబెట్టుకుని ఎక్కడికో తీసుకుపోతారు, ఏదో చూపిస్తారు, ఊరుకుంటారు. ఆ కాలవగట్టు ఊళ్ళో ఒక తరం మొత్తానికి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఆయన. శిష్యులు దీన్ని గురువుగారి వాయిదా అని చాటుగా నవ్వుకునేవారు, వాయిదా తీరిన రోజున మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు.

వారిజ ఆ ఊరి జూనియర్ కాలేజీకి లెక్కల లెక్చరర్‌గా కొత్తగా వచ్చింది. పాఠం చెప్పే ముందు తన సందేహాలు తను తీర్చుకోవాలన్న పట్టింపు ఉన్న పిల్ల. సంకీర్ణ సంఖ్యలు మొదలుపెట్టబోతూ ఒక ఆదివారం మాస్టారి అరుగు మీద కూచుని కాగితం మీద ఒక సమీకరణం రాసింది.

x² – 2x cosθ + 1 = 0

"దీనికి మూలాలు రెండండి. cosθ + i sinθ ఒకటి, cosθ – i sinθ రెండోది. చెయ్యడం వచ్చు, రుజువూ వచ్చు. కానీ సమీకరణంలో ఎంత వెతికినా సైన్ అనేది లేదు. వర్గం చేస్తే మైనస్ ఒకటయ్యే ఆ i అసలే లేదు. అంతా మామూలు సంఖ్యలే. మరి మూలాల్లోకి అవి ఎక్కడినుంచి వచ్చాయండీ? ఇంతవరకూ ఎక్కడ దాక్కున్నాయి? పిల్లలు అడిగితే ఏం చెప్పను?"

మాస్టారు కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూశారు. ఒక మూలంలో సైన్ ముందు ప్లస్, రెండోదాంట్లో మైనస్. రెండూ కూడితే సైన్ కాస్తా కొట్టుకుపోతుంది, పైకి కొసైన్ ఒక్కటే మిగులుతుంది. ఆ సంగతి వారిజకీ తెలుసు. తెలిసిన సంగతే మళ్ళీ చెప్పించుకోవడానికి ఆమె రాలేదు.

"చూద్దాం," అన్నారు మాస్టారు. "రేపు సాయంత్రం తులసమ్మగారింటికి వెళ్ళాలి. నువ్వూ రామ్మా."

తులసమ్మగారిదీ ఆవిడ కోడలు హేమలతదీ అప్పడాల ఇల్లు. అత్తాకోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అని లోకం అంటుంది గానీ, ఆ ఇంట్లోంచి ఒక్క పెడసరపు మాట బయటికి వచ్చి ఎరగదు. అత్త పిండి కలుపుతుంది, కోడలు ఒత్తుతుంది, ఇద్దరూ కలిసి నీడపట్టున ఆరబెడతారు. ఊరికి తెలిసింది అంతే. తులసమ్మగారి పెద్దకొడుకు చలపతి, హేమలత భర్త, పన్నెండేళ్ళ కిందట విజయనగరంలో ఏదో పెళ్ళికని బయల్దేరాడు. రైలెక్కగా చూసినవాళ్ళున్నారు, దిగగా చూసినవాళ్ళు లేరు. అతని పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. దారిలో మాస్టారు ఇంతవరకే చెప్పారు. అతను తన దగ్గర చదువుకున్నవాడేనని కూడా చెప్పారు.

వాళ్ళు వెళ్ళేసరికి అత్తాకోడళ్ళిద్దరూ పిండి ఉండలు చేస్తున్నారు. మాస్టారు కుర్చీలో కూచుని, నాన్చకుండా విషయం చెప్పారు.

"తులసమ్మగారూ, మీ చిన్నబ్బాయి నాగభూషణం ఫోన్ చేశాడు. కూతురి పెళ్ళి తలపెట్టాడట. పన్నెండేళ్ళు దాటినా అన్న సంగతి తేలకుండా శుభకార్యం ఎలాగని పురోహితుడు అన్నాడట. శాస్త్ర ప్రకారం దర్భలతో బొమ్మ చేసి దహనం జరిపించి, కర్మ చేసేస్తానంటున్నాడు. అమ్మతోనూ వదినతోనూ అనడానికి నోరు రాక నన్ను కనుక్కోమన్నాడు."

తులసమ్మగారు చేతిలో ఉండని ఇంకాస్త గుండ్రంగా చేసింది. "నాదేముంది మాస్టారూ. అమ్మాయి ఎలా అంటే అలాగే."

"అత్తయ్యగారి మాటే నా మాటండి," అంది హేమలత.

పప్పు ఏం వండమంటారని అడిగినా అదే గొంతుతో చెప్పేవారు. వారిజకి ఒళ్ళు మండింది. మనిషి పోయి పన్నెండేళ్ళయితే ఇంతగా ఎండిపోతారా అనుకుంది. మాస్టారు మాత్రం "ఆలోచించుకుని చెప్పండి, తొందరేం లేదు" అని కళ్ళు మూసుకున్నారు.

హేమలత కాఫీ పెట్టడానికి లేచింది. ఊరికే కూచోలేక వారిజ వెనకాలే వంటింట్లోకి వెళ్ళింది. పాలు పొయ్యి మీద పెట్టి, హేమలత వీధివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. కొత్త మనిషి దగ్గర కొన్ని మాటలు తేలిగ్గా వస్తాయి కాబోలు.

"రాత్రి అత్తయ్యగారు పడుకున్నాక వీధి తలుపు గడియ తీసేస్తానండి. ఆవిడ లేవకముందే మళ్ళీ వేసేస్తాను. ఆయన తలుపు కొట్టి పిలిచే మనిషి కాదు. మూసి ఉంటే, నిద్ర లేపడం ఎందుకని వెనక్కి పోతారేమో." పాలు పొంగుతుంటే ఊది ఆపింది. "ఆ బొమ్మకి నిప్పు పెడితే బతికున్న మనిషికి పెట్టినట్టే కదండీ."

"మరి ఆ మాట చెప్పచ్చు కదా?"

"మొదటేడు ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు. తిండి లేదు, నిద్ర లేదు. ఇప్పుడిప్పుడే మరిచిపోయి నాలుగు మెతుకులు తింటున్నారు. నాకు ఆశ ఉందని తెలిస్తే మళ్ళీ ఆ గుమ్మంలోనే కూచుంటారు. మీరు ఎవరితోనూ అనకండి."

ఇంతలో పెరట్లోకి వెళ్ళిన తులసమ్మగారు, "అమ్మాయ్, ఈ అప్పడాలు ఎత్తడానికి ఒక చెయ్యి వేస్తావా?" అని పిలిచింది. వారిజ వెళ్ళి చాప అంచు పట్టుకుంది. నాలుగు అప్పడాలు ఎత్తాక ఆవిడ వంగినదల్లా అలాగే ఆగిపోయింది.

"వాడు లేడమ్మా," అంది. "నాకు ఆ యేడాదే తెలిసింది. ఎలా తెలిసిందని అడక్కు. తోటకూర తెస్తానని చెప్పి అమావాస్య అమావాస్యకీ కాలవకి పోయి ఇన్ని నువ్వులూ నీళ్ళూ వదులుతాను. ఆడదాన్ని, మంత్రం రాదు. వాడికి అందుతుందో లేదో. నా బిడ్డ దాహంతో తిరుగుతున్నాడేమోనని మంచినీళ్ళ చెంబు ఎత్తితే గొంతు దిగదమ్మా నాకు. ఆ కర్మ కాస్తా అయితే వాడు చల్లబడతాడు."

"అయితే నాగభూషణంగారు చేయిస్తానంటున్నారు కదండీ. సరేనని చెప్పండి."

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నేను సరేనంటే దాని బొట్టు తీసేస్తారు. నాకు తీశారు, ఎలా ఉంటుందో నాకు తెలుసు." తులసమ్మగారు చాప మడిచింది. "మరిచిపోయి సుఖంగా ఉంది పిచ్చిపిల్ల. ఉండనీ."

వారిజ అప్పడాల దొంతర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పన్నెండేళ్ళుగా ఒకే ఇంట్లో, ఎదురెదురుగా కూచుని పని చేసుకుంటూ, ఒకరు ఉన్నాడని ఎదురు చూస్తున్నారు, ఒకరు లేడని నీళ్ళు వదులుతున్నారు. ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి నిలబడి బయటికి ఏమీ కనబడనివ్వలేదు. ఇందాక వాళ్ళ మీద వచ్చిన కోపానికి ఆమెకి సిగ్గేసింది.

లోపలికి వచ్చాక మాస్టారు కళ్ళు తెరిచారు. "ఏమంటారు? నాగభూషణానికి ఏం చెప్పమంటారు?"

తులసమ్మగారు గోడకి చేరబడి కూచుంది. ఊపిరి కూడదీసుకుని, "వద్దని చెప్పండి మాస్టారూ," అంది. "ఆ తంతు ఏదీ వద్దు. నా కొడుకు బతికే ఉన్నాడు. వస్తాడు."

కాఫీ గ్లాసులతో వస్తున్న హేమలత గడప దగ్గర ఆగిపోయింది. అత్తగారి ముఖంలోకి చూసింది. ఆవిడ ఇంకా ఎదురుచూస్తూనే ఉందనుకుంది, ఇలా ఎదురుచూస్తూనే పోతుందనుకుంది.

"లేదండీ," అంది, గొంతు వణక్కుండా. "చేయించమనండి. ఆయన రారు. నాకు తెలుసు."

తన మనసులోని మాట ఎదుటివారి నోట వినడం ఆ ఇద్దరికీ అదే మొదటిసారి. విన్నాక ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. హేమలత గ్లాసులు కింద పెట్టి, అత్తగారి ఎదుట కూలబడి, అన్నేళ్ళ ఏడుపూ ఏడ్చింది. తులసమ్మగారు కొంగుతో కోడలి చెంపలు తుడిచింది, కళ్ళు తుడిచింది. నుదుటి దాకా మాత్రం చెయ్యి పోనివ్వలేదు. మాస్టారు చల్లారిన కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి లేచారు.

"ఇంకా ఆలోచిస్తున్నారని చెప్తాను," అన్నారు. దానికి ఇద్దరిలో ఎవరూ అవునూ అనలేదు, కాదూ అనలేదు.

కాలవగట్టు మీద చాలాదూరం వచ్చాక వారిజ విన్నదంతా మాస్టారికి చెప్పేసింది. "కొడుకు లేడని అత్తగారికి తెలుసు. వస్తారని కోడలికి నమ్మకం. మీ ముందుకి వచ్చేసరికి ఇద్దరూ తిరగేసి చెప్పారు మాస్టారూ."

"గుర్తులు మార్చుకున్నారు," అన్నారు మాస్టారు. "సమీకరణం మారలేదు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటూ నాలుగడుగులు నడిచి, ఆగిపోయింది.

"వెనక్కి వెళదాం రండి. కర్మ చేయించమనో, మానమనో, మీరే ఏదో ఒకటి చెప్పేయండి. మీ మాట కాదనరు. ఒక్కరికైనా మనసు కుదుటపడుతుంది."

మాస్టారు నిజంగానే వెనక్కి తిరిగారు.

"పద, వెళదాం," అన్నారు. "ఆ ఒక్కరూ ఎవరో నువ్వే చెప్పు తల్లీ."