తవిటయ్య జాగా

అనగనగా అని నేనంటాను, ఊఁ అని మీరనాలి. ఊఁ అనేవాళ్ళు లేకపోతే కథకి కాళ్ళు రావు. ఆ వెనక గోడకి చేరగిలబడ్డ తాతగారూ, మీరు కూడా అనాలి.

అనగనగా నాగావళి ఏటి ఒడ్డున వేణువలస అని ఒక ఊరు. ఊళ్ళో చిన్న గుడి. గుడిలో చిన్న స్వామి, బాలగోపాలుడు. ఎంత చిన్నవాడంటే అరచేతిలో పడుకునేంత. ఏటా ఫాల్గుణ పున్నమికి ఆయన్ని ఉయ్యాల్లో వేసి ఊపేవారు. ఉయ్యాల ఉంది, ఊపే చేతులున్నాయి, పాట మాత్రం లేదు. పూర్వం ఉండేదట. పాడే ముసలమ్మలు పోయారు, వాళ్ళతో పాటా పోయింది. పాట లేకుండా పసివాడు ఎలా నిద్రపోతాడమ్మా? మీ ఇంట్లో పోతాడా? అక్కడా అంతే. స్వామి కళ్ళు తెరుచుకునే ఉన్నాడని ఊళ్ళో ఆడవాళ్ళు బెంగపెట్టుకునేవారు.

ఆ ఊళ్ళోనే తవిటయ్య ఉండేవాడు. అతనికి ముందు పుట్టిన ముగ్గురు బిడ్డలూ దక్కలేదు. నాలుగోవాణ్ణి వాళ్ళమ్మ పొరుగింటావిడ ఒళ్ళో పెట్టి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది. అక్కడ అదొక మొక్కు. తవుడికి కొన్న బిడ్డ కాబట్టి తవిటయ్య.

అతని పని ఆకులు రాయడం. ఎవరింట్లో పాత పుస్తకం శిథిలమైతే దాన్ని చూసి, కొత్త తాటాకుల మీద ఇనప గంటంతో గీసి ఇచ్చేవాడు. గీసినప్పుడు అక్షరం కనపడదు. మసీ ఆముదమూ కలిపి రుద్ది తుడిస్తే అప్పుడు నల్లగా లేస్తుంది. తవిటయ్య ఒక అక్షరం గీసి, పాత ఆకు వంక చూసి, కొత్త ఆకు వంక చూసి, మళ్ళీ పాత ఆకు వంక చూసేవాడు.

"తవిటయ్యకి భాగవతం ఇచ్చాను. నా మనవడి పెళ్ళికి అందుతుందేమో," అనేవాడు ఊరిపెద్ద సన్యాసినాయుడు.

"అందుతుంది నాయుడుబాబూ, మనవణ్ణి పుట్టనీండి," అనేవాడు తవిటయ్య.

తొందరపెడితే మాత్రం ఒకటే మాట. "చూసిందే రాస్తాను. చూడనిది రాయను."

ఒక ఏడు గుడి కప్పు మారుస్తుంటే గుమ్మం పైన, గూట్లో, ఒక కుండ దొరికింది. కుండలో చిన్న కట్ట. కట్టలో మూడే మూడు ఆకులు. ఆకుల నిండా రాత. ఆ రాత ఎవరికీ కొరుకుడు పడలేదు. మూడక్షరాలు కుడివైపు వాలిపోయేవి, మూడక్షరాలు ఎడమవైపు వాలిపోయేవి. గాలికి ఊగే వరి కంకుల్లా ఉంది వరస.

అర్చకులు ఆచార్యులుగారు చూశారు. "ఇది మంత్రమయ్యా. ఎవరూ చదవకూడదని కావాలని వంకరగా రాశారు," అన్నారు.

వైద్యుడు చిట్టెప్ప చూశాడు. "మంత్రమేమిటి స్వామీ, ఇది మందు. ఇదిగో ఇక్కడ పిప్పళ్ళు, ఇక్కడ శొంఠి," అన్నాడు. అన్నవాడు ఊరుకోక కషాయం కాచి ముందు తనే తాగాడు. సాయంత్రం దాకా చెంబు వదల్లేదు.

సన్యాసినాయుడు చూశాడు. "మందు కాదు, నిధి. వంకరలన్నీ దారి గుర్తులే," అన్నాడు. ఆ గుర్తులు పట్టుకుని సొంత గొడ్లసావిడి వెనక నడుంలోతు తవ్వించాడు. దొరికింది మూకుడు ముక్క. నాయుడుగారి గేదె ఆ గోతిలో దిగి, మూడురోజులు పైకి రానంది.

అప్పుడు నాయుడుగారికి విసుగొచ్చింది. "పున్నమి వస్తోంది కదా. ఈ ఆకుల్ని కూడా ఏట్లో కలిపేయండి," అన్నాడు.

ఫాల్గుణ పున్నమి పొద్దున్న పాడైపోయిన ఆకుల్ని పసుపు గుడ్డలో చుట్టి ఏట్లో కలపడం ఆ ఊరి ఆచారం. అయితే ఆకులు రాసేవాళ్ళకి ఇంకో ఆచారం ఉంది. పాత ఆకు నీట్లోకి దిగేలోపు కొత్త ఆకు పుట్టాలి. లేకపోతే ఆ మాట ఈ లోకంలో ఇంక ఉండదు.

తవిటయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నాయుడుబాబూ, పున్నమి దాకా నాకు ఇవ్వండి. కొత్త ఆకు పుట్టించి తెస్తాను."

"ఏం రాస్తావు? చదవలేనిది ఎలా రాస్తావు?"

"చూసిందే రాస్తాను."

"ఎక్కడ చూస్తావో చూడు," అని కట్ట అతని చేతిలో పెట్టాడు నాయుడు.

తవిటయ్య ఎండలో చూశాడు. నీడలో చూశాడు. నీళ్ళపళ్ళెం మీద వాల్చి చూశాడు. అక్షరాలు కుడికి పడేవి, ఎడమకి పడేవి, నిలబడేవి కావు. అసలే పెళుసు ఆకులు. విప్పినప్పుడల్లా అంచు నుసి రాలేది. రాలినప్పుడల్లా తవిటయ్య కళ్ళకద్దుకుని, "కాస్త ఓపిక పట్టు తల్లీ," అనేవాడు. పున్నమి దగ్గరపడింది.

ఆ రోజుల్లోనే అతని కూతురు పురిటికొచ్చి ఆడపిల్లని కంది. ఇంట్లో దూలానికి చీర ఉయ్యాల వేశారు. అందులో మనవరాలు. అది పడుకోదు, పడుకోనివ్వదు. తవిటయ్య భార్య పైడమ్మ పొయ్యి దగ్గర్నించి కేకేసింది.

"ఏటయ్యా, ఆ ఆకుల్లో మొహం పెట్టుకుని కూకుంటే సరా? పిల్ల ఏడుస్తంది, ఇనపడ్డం లేదా?"

"రెండు చేతులూ పనిలో ఉన్నాయే."

"కాళ్ళున్నాయి కదా. దేవుడు నీకు ఊరికే ఇచ్చాడా?"

తవిటయ్య నవ్వి, ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి తగిలించుకున్నాడు. లాగాడు, వదిలాడు. లాగాడు, వదిలాడు. కాలు లాగితే ఒళ్ళు ఇటు ఒరిగింది, వదిలితే అటు ఒరిగింది. ఆ ఊపులోనే కొత్త ఆకు మీద ఒక వరస గీశాడు. మసి రాసి తుడిచాడు.

తుడిచి, చూసి, పాత ఆకు పక్కన పెట్టి మళ్ళీ చూశాడు.

కొత్త ఆకు మీద తన అక్షరాలు. మూడు కుడికి వాలాయి, మూడు ఎడమకి వాలాయి.

"పైడీ," అన్నాడు మెల్లగా. "ఇటు రా. ఇది రాసింది మంత్రగాడు కాదే. ఎవరో తల్లి. కాలితో బిడ్డని ఊపుతూ రాసింది."

ఇంక చూడండి. కాలు లాగుతూ కుడికి వాలినవి చదివాడు. వదులుతూ ఎడమకి వాలినవి చదివాడు. అక్షరాలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. అది పాట. పోయిందనుకున్న ఉయ్యాల పాటే.

*ఏరు నిదరోయింది, ఏటి చేప నిదరోయింది,*
*దూడ నిదరోయింది, దూడ తల్లి నిదరోయింది,*
*నీ కన్ను మూస్తేనే నా కన్ను మూతపడు,*
*నిదరపో నా తండ్రి...*

అక్కడ కన్నం. పురుగు తొలిచిన చిన్న కన్నం. ఆకు ఎత్తి పట్టుకుంటే అవతలి వెలుతురు కనపడేంత. మూడు ఆకుల్లో మూడు చరణాలు. ఒకే పురుగు కట్టని అడ్డంగా తొలిచినట్టుంది, మూడింటిలోనూ అక్కడే కన్నం. పోయింది బిడ్డ పేరు.

పున్నమి పొద్దున్న తవిటయ్య కొత్త ఆకులు గుడికి తెచ్చాడు. కన్నం ఉన్నచోట ఏమీ గీయకుండా అంతే జాగా వదిలాడు. ఆచార్యులుగారు చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. చిట్టెప్ప, "పిప్పళ్ళు ఎక్కడా లేవే," అని నవ్వాడు. నాయుడుగారు మాత్రం ఖాళీలు మూడూ వేలితో తడిమాడు.

"ఇదేమిటి తవిటయ్యా? గోపాలా అని పెట్టెయ్యి. ఎవరు కాదంటారు?"

"నేను చూడలేదు నాయుడుబాబూ."

"చూడకపోతే ఏం? స్వామి గుళ్ళో దొరికిన పాట స్వామిది కాకపోతే ఎవరిది? చిల్లులున్న పాట దేవుడికి పాడతామా? పూర్తిచెయ్యి. లేకపోతే ఈ పాట గుళ్ళోకి రాదు."

తవిటయ్య ఆకులు దగ్గరికి తీసుకున్నాడు. "బాబూ, నేను నిలవాలని, నాకో పేరు నిలవాలని మా అమ్మ చేటెడు తవుడు పోసింది. ఏ తల్లి ఎన్ని మొక్కులు మొక్కి ఆ పేరు పెట్టుకుందో. దాన్ని తోసేసి ఇంకో పేరు అక్కడ ఎలా కూర్చోబెట్టను? చూసిందే రాస్తాను. చూడనిది రాయను."

ఆచార్యులుగారు మధ్యలోకి వచ్చారు. "నాయుడుగారూ, ఈ ఒక్క పూట పాడి చూద్దాం. అతను ఆగినచోట నేనూ ఆగుతాను. బాగులేకపోతే వచ్చే ఏడు మీ మాటే."

పాత ఆకులు ఏట్లో కలిశాయి. సాయంత్రం స్వామిని ఉయ్యాల్లో వేశారు. ఊరంతా వచ్చింది. ఆచార్యులుగారు మొదటి చరణం పాడారు. "నిదరపో నా తండ్రి..." అని ఆగారు. ఆ ఆగినచోట, చంకలో బిడ్డనేసుకున్న ఒక పడుచుపిల్ల, తనకే తెలియకుండా, తన బిడ్డ పేరు అంది.

అని, సిగ్గుపడి తల దించుకుంది.

రెండో చరణం. ఆగారు. ఈసారి నలుగురైదుగురు తల్లులు. వాళ్ళలో ఒక ముసలమ్మ, బిడ్డ పోయినప్పటినుంచి ఎవరి ముందూ పలకని పేరు, నిండుగా పలికింది.

మూడో చరణం. ఆగారు. గుడి గుడంతా పేర్లతో నిండిపోయింది. ఏ పేరు ఎవరిదో తెలియదు. అన్ని పేర్లూ ఆ చిన్న ఉయ్యాల్లోకే వెళ్ళాయి. అందులో "లచ్చుమమ్మ" అన్న మొగ గొంతు ఒకటి వినిపించింది. నాయుడుగారిదే. అత్తారింటికి వెళ్ళిన కూతురు.

పాట అయ్యాక ఆయన కండువాతో మొహం తుడుచుకుని, "తవిటయ్యా, ఆ జాగా అలాగే ఉంచు," అన్నాడు.

ఆ రాత్రి స్వామి నిద్రపోయాడని ఆడవాళ్ళందరూ చెప్పారు. ఆడవాళ్ళు చెబితే నమ్మాలి నాయనా, ఊపిన చేతులకి తెలుస్తుంది.

తర్వాత చాలా ఏళ్ళు బతికాడు తవిటయ్య. నిండుగా బతికాడు. చివరికి ఒక మధ్యాహ్నం పైడమ్మ ఒళ్ళో తలపెట్టుకుని పడుకున్నాడు. పైడమ్మ ఆ పాటే పాడింది. "నిదరపో నా తండ్రి..." అని ఆగి, ఆ జాగాలో "తవిటయ్యా" అంది. పెళ్ళయ్యాక ఆమె మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదలు. వినే ఉంటాడు, నవ్వుతూనే వెళ్ళాడంటారు.

ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డు ఊళ్ళల్లో బిడ్డని మొదటిసారి ఉయ్యాల్లో వేస్తే, ఉయ్యాల కింద గుప్పెడు తవుడు పోస్తారు. పాడే ఆవిడ తాడు కాలి బొటనవేలికి తగిలించుకుంటుంది. "నిదరపో నా తండ్రి" దగ్గర ఆగుతుంది. ఎవరైనా పిల్లలు, "అమ్మా, ఆగిపోయావేం?" అంటే, "అది తవిటయ్య జాగా, నీ పేరు పెట్టుకో," అంటారు.

కథ ఉయ్యాలెక్కి కళ్ళు మూసింది. మీరూ ఇళ్ళకి వెళ్ళి పడుకోండి. పడుకునే ముందు ఆ జాగాలో ఒక పేరు అనుకోండి. ఏ పేరని నేనడగను.