కిరీటానికి తలంటు

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడితే, ఏ రాజ్యం అని అడుగుతారు మీరు. వేణుగిరి అనుకోండి. పటంలో వెతక్కండి, దొరకదు. ఆ వేణుగిరిని ఉద్దండభూపాలుడనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. వానలు లేని ఏడాది అడగకుండానే గాదెలు తెరిపించేవాడు. కానీ నెత్తిమీద కిరీటం మాత్రం తీసేవాడు కాడు.

కొలువులో పెట్టుకున్నాడంటే సరే, రాజన్నాక పెట్టుకోవాలి. ఈయన భోజనానికి కూర్చున్నా కిరీటమే, తోటలో పచార్లు చేసినా కిరీటమే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అంత బంగారం నెత్తిన కాగిపోతుంటే మంత్రులే చూడలేక విసనకర్రలు తెప్పించేవారు. "భూమిని ఏలేవాడి తల బోసిగా ఉండరాదు" అనేది రాజుగారి సిద్ధాంతం. దాంతో రోజూ తలనొప్పి. అది ఎందుకొస్తోందో కొలువులో అందరికీ తెలుసు, చెప్పే ధైర్యం ఒక్కరికీ లేదు.

ఊరి పక్కన చిన్న కొండ, కొండమీద నరసింహస్వామి. నెలనెలా స్వాతి నక్షత్రం నాడు రాజు కొండెక్కి దర్శనం చేసుకునేవాడు. హారతి అయ్యాక అర్చకులు శఠగోపం తెస్తారు కదా. పైన స్వామి పాదాలున్న ఆ వెండి గిన్నెను తలకు ఆనిస్తే, సాక్షాత్తూ స్వామి పాదం మన నెత్తిన పడినట్టు. ఆ కాసేపైనా మనిషన్నవాడు వంగుతాడని పెద్దలు చేసిన ఏర్పాటు. ఇప్పుడు శఠగోపం అన్న మాటను మనం మోసాలకు వాడుకుంటున్నాం, అది మన ప్రయోజకత్వం. ఉద్దండభూపాలుడు దాన్ని కూడా కిరీటం మీదే పెట్టించుకునేవాడు. ఠంగుమని చప్పుడయ్యేది. పన్నెండేళ్ళుగా గుడిలో అందరూ ఆ ఠంగు విని, రాజుగారికి దీవెన అందిందని అనుకునేవారు.

ఒక స్వాతి నాడు ఆ చప్పుడు రాజుగారి బుర్రలో గుచ్చుకుంది. ముందే నొప్పితో ఉన్నాడేమో, అర్చకుడు సింగరాచార్యుల మీద విరుచుకుపడ్డాడు.

"పన్నెండేళ్ళుగా పెడుతున్నారు శఠగోపం! నా తలనొప్పి ఇసుమంతైనా తగ్గిందా? అసలు మీ చేతిలో మహిమ ఉందా?"

సింగరాచార్యులకు డెబ్బై దాటాయి. తాతల నాటి నుంచీ ఆ స్వామినే కనిపెట్టుకుని ఉన్న కుటుంబం. ఆ వయసులో అబద్ధం చెప్పడం కొత్తగా నేర్చుకోలేక ఉన్నమాట అనేశాడు.

"శఠగోపం తలకు తగలాలి మహాప్రభూ. ఒక్క క్షణం కిరీటం తీస్తే..."

గుడిలో గంట కొట్టేవాడు కూడా కొట్టడం మానేశాడు. రాజుగారి ముఖం జేవురించింది.

"నలుగురిలో నన్ను కిరీటం తియ్యమంటారా? వచ్చే స్వాతి దాకా గడువు ఇస్తున్నాను. ఆలోగా నొప్పి తగ్గితే సరి. తగ్గకపోతే గుడి తాళాలు అప్పగించి కొండ దిగి వెళ్ళిపొండి. ఇంకో అర్చకుణ్ణి పెట్టుకుంటాను."

పాపం ఆచార్యులు చెయ్యని పూజ లేదు. తీర్థం పంపించాడు, చందనం పంపించాడు. తీర్థం రాజు గొంతులోకి, చందనం కిరీటం అంచుకీ వెళ్ళాయి. నొప్పి ఉన్నచోటే ఉంది. ఇరవై రోజులు గడిచిపోయాయి.

ఇక్కడ గవరయ్య గురించి చెప్పాలి. రాజుగారికి గడ్డం గీసి, శనివారం శనివారం తలంటు పోసేది అతనే. కొండమీద మొక్కులవాళ్ళకు తలనీలాలు తీసేది అతని అన్నదమ్ములు. గవరయ్యకు కొలువులో పీట లేదు గానీ, కొలువులో ఎవరూ చూడనిది చూసినవాడు. శనివారం నాడు స్నానాల గది తలుపులు బిగించేవారు, లోపల ఇద్దరే. నిండు గిన్నె నువ్వులనూనె, బిందెడు కుంకుడురసం లోపలికి వెళ్ళేవి, ఖాళీ పాత్రలు బయటికి వచ్చేవి. "రాజుగారిది ఎంత ఒత్తు జుట్టో!" అని దాసీలు బుగ్గలు నొక్కుకునేవారు. గవరయ్య అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు.

ఒక పొద్దున సింగరాచార్యులు అతని అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"గవరయ్యా, ఇంక వారం రోజులే. పొమ్మంటే పోతానయ్యా. కానీ రోజూ తెల్లారగట్ల లేచి స్వామిని లేపేది నేను. ఆ పని లేకపోతే అసలు నేనెందుకు లేవాలో తెలియడం లేదు" అన్నాడు. అంటూనే కళ్ళొత్తుకున్నాడు. "వెళ్ళేలోగా గర్భగుడి దీపానికి ఎవరినైనా కాస్త నూనె అడగాలి. వచ్చే ఆయనకు చీకటిగుడి అప్పగిస్తే బావుండదు. సాయంత్రం కాకుండానే మలిగిపోతోంది."

తను కడుపులో దాచుకున్న రహస్యం ఈ పెద్దాయన మెడకు చుట్టుకుందని గవరయ్యకు తెలుసు. చెబితే రాజుకు తలవంపులు, చెప్పకపోతే ఈయనకు కొండ లేదు.

"మీరు పెట్టే దీవెనలో లోపం లేదు సామీ, అది దిగే చోటే తప్పింది. ఒక్క శనివారం ఓపిక పట్టండి."

"ఏం చేస్తావురా నాయనా?"

"నాకు తెలిసిందేముంది సామీ, తలంటే కదా."

శనివారం వచ్చింది. తలుపులు బిగించారు. రాజు పీట మీద కూర్చుని, అలవాటుగా కిరీటం తీయబోయాడు.

"ఉండనివ్వండి ప్రభూ" అంటూ గవరయ్య గోరువెచ్చటి నూనె గిన్నె ఎత్తి, అలాగే కిరీటం మీద కుమ్మరించాడు.

నూనె రత్నాల సందుల్లోంచి కారి, రాజుగారి ముక్కు మీదికి వచ్చింది. గవరయ్య అదేమీ చూడనట్టు రెండు చేతులా కిరీటాన్ని మర్దన చెయ్యసాగాడు. కెంపుల దగ్గర బొటనవేలితో నొక్కాడు. నెమలిపింఛం మొదలు దగ్గర గీరాడు.

"సుఖంగా ఉందా ప్రభూ? నొప్పి తగ్గుతోందా?"

"మతి పోయిందట్రా నీకు? కిరీటానికి తలంటితే నా నొప్పి ఎలా తగ్గుతుంది?"

"తగ్గదా ప్రభూ?" గవరయ్య నిజంగా ఆశ్చర్యపోయినట్టు చేతులు ఆపాడు. "పొరపాటైంది. ఏలినవారు నెలనెలా కొండమీద చేయిస్తున్న పద్ధతే కదా, ఇక్కడా పనికొస్తుందనుకున్నాను."

రాజు నోరు తెరిచాడు. నూనె లోపలికి వెళ్ళింది.

"ఆచార్లవారి చేతిలో మహిమ లేదన్నారట" అని గవరయ్య వినయంగా కొనసాగించాడు. "ఎంత మాట! కిరీటాన్ని చూడండి ప్రభూ. పన్నెండేళ్ళ దీవెన పడింది దాని మీద. ఒక్క సొట్ట లేదు, మకిలి లేదు. ఇన్నేళ్ళలో ఒక్కరోజైనా కిరీటానికి తలనొప్పి వచ్చిందా?"

రాజుకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ నూనె కారుతున్న ముఖంతో ఎవరికైనా ఎంతసేపని కోపం నిలుస్తుంది? కాసేపటికి కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గుండ్రటి తల, నున్నగా. చెవుల వెనక నాలుగు వెంట్రుకలు, అంతే.

"నీకు తెలిసీ ఇలా చేస్తావా గవరయ్యా?" అన్నాడు. ఆ గొంతు కొలువులో ఎవరూ విని ఉండరు. "పట్టాభిషేకం అయిన ఏడాది నుంచే ఊడటం మొదలైంది. తీస్తే జనం నవ్వరూ?"

"నా చేతులకు తెలుసు ప్రభూ. నోటికి తెలియదు." గవరయ్య కిరీటం మీది నూనె తుడుస్తూ అన్నాడు. "ఎల్లుండి స్వాతి. కొండమీద కిరీటం తియ్యండి. ఒక్కడు నవ్వినా నన్ను కొండమీంచి తోయించండి."

స్వాతి నాడు రాజు కొండెక్కేసరికి గుడి మండపం నిండిపోయి ఉంది. తలనీలాలు ఇచ్చినవాళ్ళందరినీ ముందు వరుసల్లో కూర్చోబెట్టాడు గవరయ్య. తెల్లవారుజాము నుంచీ అన్నదమ్ములతో కలిసి కత్తి దించలేదు. ముసలీ ముతకా, ఆడా మగా, ఎటు చూసినా చందనం పూసిన గుండ్లే. గవరయ్యదీ గుండే.

సింగరాచార్యులు ఒక చేత్తో శఠగోపం, రెండో చేత్తో తాళాల గుత్తి పట్టుకుని వచ్చాడు. ఏదైనా ఒకటి దించాల్సిందే కదా ఇవాళ.

రాజు ఆ తాళాల గుత్తిని చూశాడు. ఊపిరి బిగబట్టి కిరీటం తీశాడు. ఎక్కడ పెట్టాలో తోచలేదు, ఎవరూ ముట్టుకోవడానికి ముందుకు రాలేదు. పక్కనే స్తంభానికి, గంట తాడు చుట్టే చిలక్కొయ్య కనిపించింది. దానికి తగిలించి తల వంచాడు.

ఈసారి ఠంగుమనలేదు. చల్లటి వెండి నెత్తికి ఆనింది. రాజు కళ్ళు మూసుకున్నాడు. పన్నెండేళ్ళుగా మోసిన బరువు లేదు, కొండగాలి తలమీదుగా పోతోంది, దాని మీద ఆ పాదం. తల ఎత్తబుద్ధి కాలేదు ఆయనకు. ఆచార్యులు కూడా తొందరపడలేదు.

ముందు వరుసలో గుండు చేయించుకున్న ఒక అవ్వ ఉన్నట్టుండి దణ్ణం పెట్టింది.

"ఓయమ్మ! మన రాజుగారు కూడా తలనీలాలు ఇచ్చుకున్నారే! ఎంత భక్తి బాబూ!"

"గోవిందా!" అని మండపమంతా మారుమోగింది.

రాజు గవరయ్య వైపు చూశాడు. గవరయ్య మండపం పైకప్పు చెక్కడాలు చూస్తున్నాడు. ఊరకుంటే చాలు. గుట్టు దాగుతుంది, భక్తుడన్న పేరూ వస్తుంది. ఎవరికి మాత్రం చేదు? కానీ నెత్తిన ఆ చల్లదనం ఇంకా ఆరలేదు. స్వామి ఎదుట అబద్ధం మొయ్యడం కిరీటం మొయ్యడం కన్నా బరువనిపించింది.

"లేదవ్వా" అన్నాడు. "నేను ఇచ్చుకోలేదు. ఈ స్వామే పన్నెండేళ్ళుగా ఒక్కొక్కటీ పట్టుకుపోయాడు. ఇవ్వడం ఇష్టంలేక నేనే మూత పెట్టుకుని తిరిగాను."

అవ్వ రాజు తల వంక తేరిపార చూసింది.

"పోనీలే నాయనా. మా ముసలాడి దగ్గర పాతికేళ్ళకే అంతా పట్టుకుపోయాడు. వాడికి కిరీటం కూడా లేకపోయె!"

ముందుగా నవ్వింది రాజే. నడుం పట్టుకుని, స్తంభానికి ఆనుకుని నవ్వాడు. తరవాత మండపమంతా నవ్వింది. నవ్వితే తోయించమన్న గవరయ్య మాత్రం బిగపట్టుకుని నిలబడ్డాడు.

"ఆచార్లవారూ, నొప్పి పోయింది. ఆ తాళాలు మీ మొలకే దోపుకోండి. మరొక్కసారి శఠగోపం పెట్టండి" అని రాజు మళ్ళీ తల వంచాడు. ఆచార్యులు ఈసారి ఏడుస్తూనే పెట్టాడు, నవ్వుతూనే ఏడ్చాడు.

రాజు తన చేతి కంకణం తీసి గవరయ్య చేతికి తొడిగాడు. "ఇంకేం కావాలో కోరుకోరా!"

"ప్రభూ, శనివారం నాడు నిండు గిన్నె నూనె తెప్పిస్తున్నారు. నిజానికి నాలుగు చుక్కలు చాలు. మిగిలిందంతా నేను తూములో పోస్తున్నాను. అది స్వామి దీపానికి ఇప్పించండి."

రాజు మళ్ళీ నవ్వాడు. ఆ సాయంత్రం నుంచి గర్భగుడి దీపం మలగలేదు. కిరీటం కోసం చిలక్కొయ్యకు వెండి తొడుగు వేయించారు.

మనకు కిరీటాలు లేవు కదా, ఈ కథ మనది కాదనుకుంటున్నారేమో. మొన్న మా పేట గుడిలో ఒక పెద్దమనిషి శఠగోపం కింద తల వంచాడు. చెవి దగ్గర సెల్‌ఫోను అలాగే ఉంది. "నేనెవరో తెలుసా నీకు?" అని అవతలివాణ్ణి గద్దిస్తున్నాడు. నేను చుట్టూ వెతికాను, నూనె గిన్నెతో గవరయ్య ఎక్కడైనా కనిపిస్తాడేమోనని.