చైను ఏం రాసుకుంటోంది?

జీలుగుపాలెంలో గంపావారి ఇంటికి ఓ పేరుంది. ఊళ్ళోవాళ్ళు ఆ పేరు వేరేగా చెప్పుకుంటారు గానీ, గంపావాళ్ళ లెక్కలో మాత్రం అది తెలివిగలవాళ్ళ ఇల్లు. పెద్దవాడు సన్యాసయ్య పొద్దున్నే అరుగు మీద కూచుని, "దేవుడు ఊరంతటికీ పంచాల్సిన తెలివి మన గుమ్మంలోనే దించేసి పోయాడ్రా. మొయ్యలేక చస్తున్నాం" అనేవాడు. తమ్ముడు బంగారయ్య మెడ తడుముకుని, "అవునన్నయ్యా, నాకు రాత్రి నించీ పట్టేసింది కూడా" అనేవాడు. సన్యాసయ్య పెళ్ళాం చిలకమ్మ మూడో తరగతి దాకా చదివింది కాబట్టి ఆ ఇంటికి ఆవిడే పండితురాలు. "మనకి వంకర అర్థాలు తీసే బుద్ధి లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అనేది ఆవిడ. నిజమే, చెప్పింది చెప్పినట్టే చేసేవాళ్ళు. ఊరికి భయమంతా అందుకే.

ఆ ఊరి పశువుల డాక్టరు హైమావతి. గంపావారి గేదె కడుపులో దూడ అడ్డం తిరిగి చావుబతుకుల్లో ఉంటే, మోచేతి దాకా చెయ్యి పెట్టి తల్లినీ పిల్లనీ బతికించింది. అప్పట్నించీ ఆ ఇంట్లో డాక్టరమ్మ అంటే ప్రాణం. ఆవిడకో గేర్ల సైకిలుంది. పాలసంఘం వాళ్ళు ఏటా పెట్టే సైకిలు పందెంలో ఈసారి మొదటి బహుమతి ఫ్రిజ్జు. ఆసుపత్రి ఫ్రిజ్జు చెడిపోయి ఆవిడ టీకా మందుల్ని ఐసు డబ్బాలో పెట్టుకుని ఊరూరా తిరుగుతోంది.

"ఈ ఏడు ఎలాగైనా ఆ ఫ్రిజ్జు కొట్టాలి" అంది ఓ రోజు.

"పాపం, అదేం చేసిందమ్మా?" అన్నాడు బంగారయ్య.

పందెం వారం రోజులుందనగా పైవాళ్ళు శిక్షణ కోసం పట్నం రమ్మన్నారు. ఆవిడ సైకిలు తెచ్చి గంపావారి వసారాలో పెట్టింది.

"బిగుసుకుపోకుండా రోజూ కాస్త తొక్కుతుండండి. ఆదివారం ఏడింటికల్లా మెట్ట అవతల పాలకేంద్రానికి తెచ్చెయ్యండి. నేను బస్సు దిగి అక్కడికే వస్తా. ఒక్కటే జాగ్రత్త. ముందు పెద్దది ఉన్నప్పుడు వెనక పెద్దది వద్దు. ముందు చిన్నదుంటే వెనక చిన్నది వద్దు. ముందు పెద్దయితే వెనక చిన్న, ముందు చిన్నయితే వెనక పెద్ద. గుర్తుంటుందా?" అంది, పళ్ళచక్రాలు చూపిస్తూ.

సన్యాసయ్య చూపు చక్రాల మీద లేదు, డాక్టరమ్మ మొహం మీద ఉంది. "అదెంత భాగ్యమమ్మా! పెద్దా చిన్నా తేడా మా ఇంట్లో పుట్టినప్పట్నించీ ఉంది" అన్నాడు.

మర్నాడు సన్యాసయ్య సైకిలెక్కాడు. ముందు పెద్దవాడు ఉన్నాడు కదా, మరి వెనక చిన్నవాడు ఉండాలి. సైకిలుకేమో వెనక సీటు లేదు. అంతే, బంగారయ్య పంచె ఎగ్గట్టి వెనకాల పరుగు. తిరిగొచ్చేటప్పుడు బంగారయ్య ఎక్కాడు, సన్యాసయ్య పరుగెత్తాడు. చిలకమ్మ నేనూ ఎక్కుతానంటే, "నువ్వు పెద్దకోడలివి. నీ వెనక నేను పరుగెత్తితే పెద్దా పెద్దా కలిసిపోతాం" అని మొగుడు గుడ్లురిమాడు. ఇద్దరికీ కాళ్ళు బొబ్బలెక్కాయి. అయినా సైకిలు కర్రుకర్రుమంటూనే ఉంది. సన్యాసయ్య బ్రేకనుకుని గేరు మీటని నొక్కుతూ వచ్చాడు మరి! కంగారుగా ఫోను చేశాడు.

"అమ్మా, చెప్పింది చెప్పినట్టు చేశాం. అయినా కర్రుకర్రుమంటోంది."

"ఏం లేదు, చైను రాసుకుంటోంది."

సన్యాసయ్య గొంతు తగ్గించాడు. "ఎవరికి?"

"పక్కనున్న రేకుకి. మీట వెనక్కి నొక్కండి, ఆగిపోతుంది. క్లాసుకి టైమైంది" అని పెట్టేసింది.

ఇంకేముంది! చైను ఎవరో రేకు అనే ఆవిడకి ఉత్తరం రాసుకుంటోందని ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. ఏం రాస్తోంది? మన మీద చాడీలే అయ్యుంటాయి. వెతగ్గా వెతగ్గా సన్యాసయ్య తెల్లపంచె మీద నల్లటి గీతలు కనబడ్డాయి.

"ఇదిగో, రాసింది!" అన్నాడు.

చిలకమ్మ పంచె దీపం దగ్గర పెట్టి చదివింది. "ఠ... ఠ... మళ్ళీ ఠ. కాగితం లేక పాపం గుడ్డ మీద రాసుకుంటోంది. అక్షరాలు అలుక్కుపోయాయి."

సన్యాసయ్యకి జాలేసింది. చాడీలైతే మాత్రం, ఎవరి గోడు వాళ్ళది. నూరు పేజీల నోటుపుస్తకం ఒకటి తెచ్చి చైను పక్కన తాడేసి కట్టాడు. బంగారయ్య పెడలు తిప్పాడు. గర్ర్... పుస్తకం గుటుక్కున లోపలికి పోయింది. చైను కదల్లేదు, మెదల్లేదు.

"నూరు పేజీలూ ఒక్క గుక్కలో రాసేసి అలిసిపోయింది" అంది చిలకమ్మ.

మళ్ళీ ఫోను. అవతల డాక్టరమ్మ జరిగిందంతా రెండుసార్లు చెప్పించుకుంది. తరవాత, "వెనక పళ్ళలో కాగితం ఇరుక్కుని ఉంటుంది. ఒక్క ముక్క లేకుండా తీసి, పళ్ళు బాగా తోమి, నూనె పట్టించండి" అంది ఓపిగ్గా.

అంతే, ముగ్గురూ మూడు వేపపుల్లలు నమిలి సైకిలు ముందు కూచున్నారు. ఒక్కో పన్నూ తోమారు. పుక్కిలించమని చెంబుడు నీళ్ళు పోశారు. పళ్ళు తోముకున్నాక కాఫీ ఇవ్వకపోతే మర్యాదేనా? గ్లాసుడు కాఫీ పోశారు. నూనె అంటి, కుంకుడురసంతో తలంటి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ నూనె రాశారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, చైను మాత్రం అద్దంలా మెరిసింది.

శనివారం డాక్టరమ్మే ఫోను చేసింది. ఆవిడ గొంతులో దిగులుంది. "సన్యాసయ్యగారూ, రేపు మెట్ట దగ్గర జాగ్రత్త. ఎత్తు మీదకొచ్చాక కాదు, ఎత్తు రాకముందే తగ్గించెయ్యాలి. ఆలస్యమైతే చైను తెగుతుంది."

"ఎంత తగ్గించమంటారు?"

"కాళ్ళకి తేలిగ్గా అనిపించేంత. చాలు."

సన్యాసయ్య ఫోను పెట్టి మెట్టకేసి చూశాడు. అంత ఎత్తు! కానీ డాక్టరమ్మ అడిగాక కాదంటామా? కోడి కూయకముందే గునపం, పార, గంప పట్టుకుని, సైకిలు నడిపించుకుంటూ ముగ్గురూ బయల్దేరారు. మెట్ట మొదట్లో మట్టిరోడ్డుని తవ్వడం మొదలెట్టారు. పొద్దెక్కేసరికి మోకాలి లోతు గొయ్యి, పక్కన నిలువెత్తు మట్టిగుట్ట.

"అన్నయ్యా, ఇక్కడ తగ్గింది గానీ పక్కన పెరిగిందే!" అన్నాడు బంగారయ్య.

"మట్టిగుట్టని తగ్గించడానికి ఇంకో గొయ్యి తవ్వుదాం" అన్నాడు సన్యాసయ్య.

అవతల పాలకేంద్రం దగ్గర ఏడయింది. సైకిలు లేదు. డాక్టరమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. పాలు పోసే ఆయన్ని బతిమాలి, ఆయన డొక్కు సైకిలు మీదే పందెంలో దిగింది. మెట్ట దాటి బల్లిపేట దాకా వెళ్ళి, మళ్ళీ పాలకేంద్రానికి రావాలి. ఆవిడ మెట్ట దిగేసరికి అందరికన్నా ఆఖరు. కానీ ముందుపోయిన వాళ్ళందరూ గొయ్యి ముందు ఆగిపోయి గంపావాళ్ళ మీద కేకలేస్తున్నారు. గట్టు మీద ఆవిడ సైకిలు తళతళలాడుతూ నిలబడుంది.

"సైకిలేదైతేనేం, తొక్కేది మీరేగా. పట్టుకెళ్ళండి" అన్నాడు వ్యానులో వచ్చిన పాలసంఘం కార్యదర్శి. డాక్టరమ్మ డొక్కుది వదిలి, తన సైకిలు భుజానేసుకుని గొయ్యి దాటేసి ఎగిరి కూచుంది.

వీళ్ళనిక్కడ ఉంచితే సాయంత్రానికి కొండ మిగలదని, కార్యదర్శి ముగ్గుర్నీ వ్యానెక్కించి పాలకేంద్రానికి తీసుకుపోయాడు. అక్కడ రోడ్డుకి అడ్డంగా ముగ్గుపిండితో గెలుపు గీత గీసి ఉంది. పనిలేకపోతే ఇంకేం తవ్వుతారో అని, "సన్యాసయ్యా, ఈ గీత చెరక్కుండా చూడు. నీ పని ఇదొక్కటే" అని, దండ తేవడానికి లోపలికెళ్ళాడు.

సన్యాసయ్య గీత పక్కనే గొంతుక్కూచున్నాడు. కోడి వస్తే తోలాడు. గాలి వస్తే పంచె అడ్డం పెట్టాడు. ఇంతలో మెట్ట మీద డాక్టరమ్మ కనబడింది. ముందు చిన్న చక్రం, వెనక పెద్ద చక్రం మీద, ఎవరూ ఎక్కలేని ఎత్తు చకచకా ఎక్కేసి వచ్చింది. దిగేటప్పుడు ముందు పెద్దది వేసింది, వెనక చిన్నది వేసింది. చైను చిన్న సడైనా చెయ్యలేదు. మిగతావాళ్ళు కర్రుకర్రుమంటూ దూరంగా వెనక!

సన్యాసయ్యకి ఆనందం పొంగింది. మరుక్షణం గీతకేసి చూశాడు. ఆ చక్రాలు సరిగ్గా గీత మీదకే వస్తున్నాయి! డాక్టరమ్మ వల్లే గీత చెరిగిందని రేపు నలుగురూ అనుకోరూ? అంతే, భుజం మీద తువ్వాలు పరిచి, ముగ్గుపిండి మొత్తం చేత్తో ఊడ్చి మూటగట్టి, పక్కకి దూకాడు.

డాక్టరమ్మ ఝామ్మని వచ్చింది. గీత లేదు. ఇంకా ముందుందేమోననుకుని ఝామ్మని పోయింది. ఆవిడ వెనక మిగతావాళ్ళూ పోయారు. దండతో బయటికొచ్చిన కార్యదర్శికి దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు.

"అమ్మా! ఆగండమ్మా! గీత నా దగ్గరుంది!" అని మూట పైకెత్తి సన్యాసయ్య పరుగు. బొబ్బల కాళ్ళతో మైలున్నర పరుగు!

రైలుగేటు పడి ఉండబట్టి బతికిపోయారు. గేటు దగ్గర అందరికన్నా ముందు డాక్టరమ్మే నిలబడి ఉంది. సన్యాసయ్య రొప్పుతూ వచ్చి, మూట విప్పి, ఆవిడ చక్రం ముందు పిండిని గీతలా పోశాడు. "ఇప్పుడు దాటండమ్మా. మీ పుణ్యముంటుంది, చక్రం మాత్రం తగలనివ్వకండి" అన్నాడు.

ఆవిడ అతని కాళ్ళకేసి చూసింది. తిట్టబోయి నవ్వేసింది. సైకిలెత్తి భుజాన పెట్టుకుని, గీత మీంచి మెల్లిగా అడుగేసి అవతల నిలబడింది. వ్యానులో వెంటపడి వచ్చిన కార్యదర్శి తల బాదుకుని, దండ ఆవిడ మెళ్ళో వేసి, "ఫ్రిజ్జు మీదే" అన్నాడు. చిలకమ్మ ఈలేసింది.

సన్యాసయ్య గీతకేసి చూసుకున్నాడు. ఎక్కడా చెక్కు చెదరలేదు. హమ్మయ్య అనుకుని, వంగి పిండంతా జాగ్రత్తగా ఊడ్చి, మళ్ళీ మూటగట్టేశాడు.

అవతల ఇంకా పదకొండుమంది దాటాల్సి ఉంది.