బండి కింద అయిదు వేళ్లు

డ్రైవరు ఎర్రన్న పికప్పు సీట్లోనే ప్రాణం విడిచాడు. పది రోజులకు ఆ బండి కింద నేల మీద అయిదు వేళ్ల నల్లటి చేతి గుర్తు పడసాగింది. కడిగినా మళ్లీ పడేది. కుక్కలు కూడా అటు పోవడం మానేశాయి.

"మొగుడి దయ్యాన్ని నా బండి మీదికి తోలావు. సాయంత్రంలోగా ఊరు విడిచిపో" అన్నాడు బండి యజమాని భూపతిరాయుడు, ఎర్రన్న భార్య పోలమ్మతో. పెత్తందారుకు తప్పు ఎప్పుడూ పేదవాడి గుడిసెలోనే దొరుకుతుంది.

మెకానిక్కు మస్తాను బండి కింద దూరి, ఇంజను అడుగంతా తుడిచి దానికి బియ్యప్పిండి అద్దాడు. "పడేది ఇక్కడ. పుట్టేది ఎక్కడో చూద్దాం. ఇంజను వెయ్యండి రాయుడుగారూ."

తెల్లటి పిండి మీద నల్లటి గీత ఒకటి జెర్రిలా పాకుతూ వచ్చింది. అడుగు బోల్టుల దగ్గర అయిదుగా చీలి కిందికి కారింది. జనం చూస్తుండగానే నేల మీద ఒక్కొక్క వేలూ మొలిచింది.

ఇంజను ఆపించి, గీత వెంటే పైకి వెతికి, మస్తాను ఆయిల్ ఫిల్టరు విప్పాడు. కొత్త రబ్బరు రింగు వెనకాల పాత రింగు అలాగే అంటుకుని ఉంది; రెండింటి సందులోంచి నల్లటి ఆయిలు కారుతోంది.

"ఎర్రన్న పోయాక ఈ ఫిల్టరు మార్చిందెవరండీ?"

తానే మార్చానని ఊరంతా గొప్ప చెప్పుకున్న రాయుడు తల దించుకున్నాడు. "దయ్యమే మార్చిందేమో."

"అయితే ఈసారి పాత రింగు తీసి బిగించమని దానికి మీరే చెప్పండి. పోలమ్మకు దాంతో పరిచయం లేదు."

రాయుడు పోలమ్మ వైపు తిరిగాడు. "నువ్వు ఇంటికి పో పోలమ్మా" అన్నాడు.